చైనా అమ్మమ్మ కషాయం: ఏది తాగొచ్చు, ఏది తాగకూడదు?

మే నెలలో బంగినపల్లి మామిడిపళ్లు నాలుగు రోజులు వరసగా లాగించేస్తే ఏమవుతుంది? నోట్లో పుండ్లు, మొహం మీద గుల్లలు. వెంటనే అమ్మమ్మ తీర్పు చెప్పేస్తుంది: ‘వేడి చేసిందిరా. మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానేసుకుని తాగు’. థర్మామీటర్ పెడితే జ్వరమేమీ ఉండదు. ఆ ‘వేడి’ ఏ రక్తపరీక్షలోనూ కనిపించదు. అయినా ఆ మాట వినగానే మనందరికీ అర్థమైపోతుంది.

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌకి వెళ్లినా ఇదే సీను. కాకపోతే అక్కడ మామిడికి బదులు లీచీ పళ్లు. ఎక్కువ తిని నోరు పూసిందంటే ‘షాంగ్ హువో’ అంటారు. ఒంట్లో మంట పైకెక్కిందని అర్థం. విరుగుడేంటో తెలుసా? పెసలు ఉడికించిన చారు, కాకరకాయ, పుచ్చకాయ, చామంతి పూల టీ. చేదు మూలికలు మరిగించిన ‘లియాంగ్ చా’ అనే చలవ టీ కొట్లు అక్కడ వీధి వీధికీ ఉంటాయి. పెసలూ కాకరా చలవేనని మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు!

ఇలా మనకి దగ్గరగా అనిపిస్తుంది కాబట్టే చైనా సంప్రదాయ వైద్యం రీల్స్‌లో తెగ తిరుగుతోంది. మొహాన్ని రాయితో గీకే ‘గ్వా షా’, వీపు మీద గుండ్రటి మచ్చలు మిగిల్చే కప్పింగ్, ‘ఇక్కడ నొక్కితే తలనొప్పి మాయం’ అనే వీడియోలు. కింద ఓ లింకు, లింకులో ఓ పొడి ప్యాకెట్టు. ‘రెండు వేల ఏళ్ల నాటిది, అంతా నేచురల్’ అని ఓ లైను. మరి వీటిలో ఏది నమ్మాలి? ఏది వంటింటి చిట్కా, ఏది కిడ్నీల మీదికి తెచ్చేది? ఒక్కొక్కటిగా చూద్దాం.

నాలుక చూపించు... చెయ్యి ఇలా ఇవ్వు

చైనా వైద్యుడి దగ్గరికి వెళితే మొదట నాలుక చాపమంటాడు. దాని రంగు, మీద పేరుకున్న పూత, అంచుల్లో పళ్ల గుర్తులు... అన్నీ చూస్తాడు. తర్వాత మూడు వేళ్లు మణికట్టు మీద పెట్టి నాడి పడతాడు. నిద్ర ఎలా ఉంది, చెమట పడుతోందా, చల్లనివి తాగాలనిపిస్తోందా వేడివా అని అడుగుతాడు.

ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి దారులు వేసుకుని తిరుగుతుందని వాళ్ల లెక్క. చల్లదనం, నీడలాంటి ‘యిన్’, వేడి, వెలుగులాంటి ‘యాంగ్’ సమంగా ఉంటే ఆరోగ్యం. తేడా వస్తే జబ్బు. మన ఆయుర్వేదంలో వాతం, పిత్తం, కఫం ఉన్నట్టే అక్కడ కట్టె, నిప్పు, మట్టి, లోహం, నీరు అని అయిదు తత్వాలు. మనిషిని కోసి లోపల చూసే వీలు లేని కాలంలో, పైకి కనిపించేవాటిని బట్టి కట్టుకున్న లెక్క ఇది. ‘చీ’ పారే దారులు ఇవాళ్టి స్కానింగుల్లో ఎక్కడా కనబడలేదు. అలాగని ఆ లెక్కతో వాడిన ఆకులు, వేళ్లు, సూదులు అన్నీ దండగని కాదు. దేనికది విడిగా చూడాల్సిందే.

జలుబులో రెండు రకాలట!

చైనా వైద్యంలో జలుబు అంతా ఒకటి కాదు. చలి వేస్తూ, ముక్కు నీళ్లలా కారుతుంటే ‘చలిగాలి జలుబు’. దానికి అల్లం, నల్లబెల్లం మరిగించిన నీళ్లు. గొంతు మంట, పసుప్పచ్చ కళ్లె ఉంటే ‘వేడిగాలి జలుబు’. దానికి చామంతి, పుదీనా, హనీసకిల్ పూలు. మొదటి రకానికి ఇచ్చేది రెండో రకానికి ఇస్తే ముదురుతుందంటారు.

సుమారు 1,800 ఏళ్ల కిందట హాన్ వంశం కాలంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు జ్వరాల మీద పెద్ద పుస్తకమే రాశాడు. దాల్చిన కొమ్మలు, అల్లం, ఎండు రేగుపళ్లు, అతిమధురం, పియోని వేరుతో ఆయన చెప్పిన ఓ కషాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. అది తాగాక వేడివేడి పల్చటి గంజి తాగి, దుప్పటి కప్పుకుని, కొంచెం చెమట పట్టనివ్వాలన్నాడు. మిరియాల కషాయం తాగి ముసుగుతన్ని పడుకున్న మనందరికీ తెలిసిన వైద్యమే! చలికి చెవులు కొరికేసుకుపోయిన పేదలకు మాంసం, మిరియం, మూలికలు పిండిలో చుట్టి చెవి ఆకారంలో ఉడికించి పెట్టాడనీ, ఇవాళ మనం తినే డంప్లింగ్స్ అలా పుట్టాయనీ ఆయన గురించి ఓ కథ చెప్పుకుంటారు. చరిత్రో కాదో గానీ కథ మాత్రం బాగుంది.

చైనాలో ఎంబీబీఎస్ చదివిన తెలుగు పిల్లల్ని అడగండి. అక్కడ ఒంట్లో బాలేదంటే ఎదుటివాళ్లు మొదట అనే మాట ‘వేడినీళ్లు తాగు’. జలుబైనా, కడుపునొప్పైనా, బ్రేకప్పైనా అదే మందు. ప్రతిదానికీ ‘వేడినీళ్లు తాగు’ అనేసి ఊరుకునే బాయ్‌ఫ్రెండ్స్ మీద అక్కడ బోలెడు మీమ్స్ ఉన్నాయి.

మరి ఈ కషాయాలు పనిచేస్తాయా? ఇక్కడే అసలు చిక్కుంది. ‘జలుబుకి మందేస్తే వారంలో తగ్గుతుంది, వేయకపోతే ఏడు రోజులు పడుతుంది’ అని మనకో జోకుంది కదా. అది జోకు కాదు, నిజం. మామూలు జలుబు వారం, పది రోజుల్లో తనంతట తనే తగ్గుతుంది. నాలుగో రోజు కషాయం తాగి ఏడో రోజుకి లేచి కూర్చున్నవాడు, క్రెడిట్ కషాయానికే ఇస్తాడు. మామూలు జబ్బుల్లో ఏ చిట్కా అయినా గెలిచినట్టే కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి అల్లం నీళ్లు, గంజి, విశ్రాంతి హాయినిస్తాయి, నష్టం లేదు, తాగండి. కానీ మూడు రోజులు దాటినా జ్వరం దిగకపోతే, ఆయాసం వస్తుంటే కషాయం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

దగ్గుకి బేరిపండు, వాంతికి మణికట్టు

దగ్గు వదలకపోతే చైనా ఇళ్లలో బేరిపండు మధ్యలో తొలిచి, అందులో పటికబెల్లం వేసి ఆవిరి మీద ఉడికించి తినిపిస్తారు. బజార్లో అయితే లోకాట్ ఆకులు, తేనె, మూలికలు కలిపిన నల్లటి చిక్కటి సిరప్ దొరుకుతుంది. వీటిలో గట్టి ఆధారం ఉన్నది తేనెకి. పిల్లల్లో రాత్రిపూట దగ్గును తేనె కొంత తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. అయితే ఏడాది నిండని పసివాళ్లకి తేనె నాకించకూడదు. బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ‘మా ఇంట్లో అందరికీ నాకించాం’ అనే పెద్దలకి ఈ లైను చూపించండి.

ఇక వాంతులు. తిరుమల ఘాట్‌రోడ్డో, పాడేరు ఘాట్‌రోడ్డో ఎక్కగానే కడుపులో తిప్పేవాళ్లకి చైనా వైద్యం ఓ చోటు చూపిస్తుంది. అరచేయి పైకి తిప్పండి. మణికట్టు గీత దగ్గర నుంచి మోచేతి వైపు మూడు వేళ్లు అడ్డంగా పెట్టండి. ఆ పైన తాళ్లలా తగిలే రెండు స్నాయువుల మధ్య ఉన్నదే ‘నెయ్ గ్వాన్’. దాన్ని బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కమంటారు. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతుల్ని ఇక్కడ నొక్కడం, సూది పెట్టడం తగ్గిస్తున్నాయని డజన్లకొద్దీ పరీక్షల్ని కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. బస్సు వాంతులకి అంత గట్టి రుజువు లేదు గానీ, నొక్కితే పోయేదేమీ లేదు. పక్క సీటువాళ్లకి ఇబ్బంది కూడా ఉండదు! అల్లం కూడా వికారాన్ని తగ్గిస్తుందని చాలా పరీక్షలు చెబుతున్నాయి. ఈ రెండింటి విషయంలో చైనా అమ్మమ్మకి మార్కులు వేయాల్సిందే.

తలనొప్పికి సూది... నిజమా, నమ్మకమా?

సూదుల వైద్యం, అదే ఆక్యుపంక్చర్, ప్రపంచానికి పాకిన కథ తమాషాగా ఉంటుంది. 1971లో అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ బీజింగ్ వెళ్లి అపెండిసైటిస్‌తో ఆసుపత్రి పాలయ్యాడు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే చేశారు. తర్వాత కడుపు ఉబ్బరంగా ఉందంటే మోచేతి దగ్గరా మోకాళ్ల కిందా సూదులు పెట్టారు. ఉపశమనం దొరికిందని ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. అది నోటా నోటా పాకి చివరికి ‘మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేసేశారట’ అయి కూర్చుంది. వాట్సాప్ లేని రోజుల్లోనే ఇంత ఫార్వర్డ్ అయింది! మన దేశానికి ఈ విద్య అంతకు ముందే వచ్చింది. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనాకి వెళ్లిన వైద్య బృందంలో డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఒకరు. ఆయన తర్వాత మళ్లీ చైనా వెళ్లి సూదుల వైద్యం నేర్చుకొచ్చి కోల్‌కతాలో మొదలుపెట్టారు.

సూదిని పరీక్షించడానికి శాస్త్రవేత్తలు ఓ తెలివైన పని చేశారు. కొందరికి అసలు సూదులు, మరికొందరికి ఉత్తుత్తి సూదులు. గుచ్చినట్టే అనిపిస్తుంది గానీ చర్మంలోకి దిగదు. కొన్ని పరీక్షల్లో కావాలనే తప్పు చోట గుచ్చారు. పార్శ్వపు నొప్పి తరచూ వచ్చేవాళ్లలో అసలు సూదులు ఉత్తుత్తి వాటికంటే కొంచెం మెరుగ్గా పనిచేశాయి. నడుం నొప్పిలో మాత్రం రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే ఏ వైద్యమూ చేయించుకోని వాళ్లకంటే రెండు రకాల వాళ్లూ కొంత నయంగానే ఉన్నారు. పడుకోబెట్టి, మాట్లాడి, అరగంట శ్రద్ధగా చూసుకుంటే నొప్పి తగ్గినట్టనిపించడం మనిషి స్వభావం. కాబట్టి శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర, మీ కళ్ల ముందు ప్యాకెట్ చించి తీసిన కొత్త సూదులతో అయితే ప్రయత్నించొచ్చు. రీల్ చూసి మీరే గుచ్చుకోవద్దు.

కప్పింగ్ సంగతేంటి? 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఊదారంగు మచ్చలు చూసి ప్రపంచమంతా దాని వెంటపడింది. ‘విషాలు బయటికొచ్చాయి’ అని చూపించే ఆ మచ్చలు నిజానికి చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లి కమిలిన గుర్తులు. గ్వా షా ఎర్రదనమూ అంతే.

బామ్‌ల దగ్గరికొస్తే మనమేం తక్కువ తినలేదు. రంగూన్‌లో స్థిరపడిన ఓ చైనా మూలికల వ్యాపారి తయారుచేసిన లేపనాన్ని కొడుకులు సింగపూర్ తీసుకెళ్లి ‘టైగర్ బామ్’గా ప్రపంచమంతా అమ్మారు. అందులో పులి ఏమీ లేదు. ఓ కొడుకు పేరులో ‘పులి’ ఉంది, అంతే. ఉన్నదల్లా కర్పూరం, మెంథాల్, లవంగ నూనె లాంటివి. అంతకు ముందే 1893లో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. రెండింట్లోనూ కిటుకు ఒకటే. చలిని పసిగట్టే నరాల్ని మెంథాల్ తడుతుంది, మెదడు దృష్టి నొప్పి మీద నుంచి చల్లదనం మీదికి మళ్లుతుంది.

పాత పుస్తకంలో దొరికిన మందు

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ చిన్న ఉపశమనాలు. ఈ పెట్టెలోంచి ప్రాణాలు నిలబెట్టే మందు కూడా ఒకటొచ్చింది.

1967 మే 23. వియత్నాం యుద్ధంలో మలేరియా సైనికుల్ని పిట్టల్లా రాలుస్తోంది. పాత మందులు పనిచేయడం మానేశాయి. ఉత్తర వియత్నాం సాయం అడిగితే చైనా రహస్యంగా ఓ పరిశోధన మొదలుపెట్టింది. మొదలుపెట్టిన తేదీనే పేరుగా పెట్టి ‘523’ అన్నారు. 1969లో అందులో ఓ బృందం బాధ్యత తూ యూయూ అనే మహిళకి అప్పగించారు. ఆమెకి పీహెచ్‌డీ లేదు, విదేశీ డిగ్రీ లేదు.

ఆమె బృందం పాత పుస్తకాలు తిరగేసి రెండు వేల చిట్కాలు పోగేసింది. దాదాపు 200 మూలికల నుంచి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావ్ అనే మొక్క ఓసారి పనిచేసింది, మరోసారి చేయలేదు. ఎందుకిలా? మళ్లీ పుస్తకాల్లోకి వెళితే, నాలుగో శతాబ్దంలో గ హోంగ్ రాసిన గ్రంథంలో ఓ చిన్న సంగతి కనబడింది. ఆ ఆకును మరిగించమని లేదు. నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది. అంటే వేడి చేస్తే మందు చచ్చిపోతోందా? ఆమె తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబర్‌లో 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిముల్ని నూటికి నూరుపాళ్లు చంపింది. మనుషులకి ఇచ్చే ముందు తూ యూయూ, సహచరులు తామే తాగి చూశారు.

దాన్నుంచి వచ్చినదే ఆర్టిమిసినిన్. 2015లో ఆమెకి నోబెల్ వచ్చింది. ఇవాళ పాడేరు ఏజెన్సీలో ఎవరికైనా ఫాల్సిపారం మలేరియా అని తేలితే ఆరోగ్య కార్యకర్త ఇచ్చే మాత్రల్లో ఆర్టిమిసినిన్ రకం మందు ఉంటుంది. దాని మూలం ఆ ఆకే. మనం వినాయకచవితి పత్రిలో పెట్టే మాచీపత్రం కూడా ఆ మొక్కకి దగ్గర చుట్టమే. అలాగని మాచీపత్రం నమిలితే మలేరియా తగ్గదు. అసలు చింగ్‌హావ్ ఆకు టీ కూడా మలేరియాకి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎందుకంటే ఆకులో మందు ఎంతుందో ఎవరికీ తెలీదు. చాలకపోతే క్రిమి చావదు సరికదా, మందుకే అలవాటు పడుతుంది.

అదే పెట్టెలోంచి వచ్చిన విషం

1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో ఓ చోట బరువు తగ్గించే క్యాప్సూల్స్ ఇచ్చేవారు. వాటిలో చైనా మూలికలు కలపడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకి వయసులో ఉన్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కిడ్నీలు పాడై ఆసుపత్రులకి రావడం మొదలైంది. లెక్క వందమంది దాటింది. చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి తప్పలేదు. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది.

ఆరా తీస్తే తేలిందేంటి? వాడాల్సిన వేరు పేరు ‘ఫాంగ్‌జీ’. దాని బదులు దాదాపు అదే పేరున్న ‘గ్వాంగ్ ఫాంగ్‌జీ’ కలిసిపోయింది. అందులో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని తినేస్తుంది. ఈ రెండో వేరూ సంప్రదాయ వైద్యంలో వాడుకలో ఉన్నదే. మరి ఇన్ని తరాలుగా వైద్యులు ఎందుకు పసిగట్టలేదు? తిన్న రోజే వాంతో, విరేచనమో అయితే ఎవరైనా కనిపెడతారు. నెలల తర్వాత కిడ్నీ, ఏళ్ల తర్వాత క్యాన్సర్ వస్తే ఆ వేరుకీ ఈ జబ్బుకీ ముడి ఎవరు వేస్తారు? మన పల్లెల్లో నాటు వైద్యంలో వాడే ఈశ్వరి వేరు కూడా అదే జాతి మొక్క. అందులోనూ ఈ ఆమ్లం ఉంటుంది.

అదొక్కటే కాదు. వసనాభి జాతి దుంపని చైనాలో శుద్ధి చేసి, గంటలకొద్దీ మరిగించి వాడతారు. ఆ పని సరిగ్గా జరక్కపోతే గుండె లయ తప్పుతుంది. అతిమధురం రోజూ మోతాదు మించి తింటే బీపీ పెరిగి, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. ‘దాన్‌షెన్’ వేరు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. ఇక ‘హెర్బల్’ అని అమ్మే కీళ్ల నొప్పుల మాత్రల్లో స్టెరాయిడ్లు, సన్నబడే క్యాప్సూల్స్‌లో నిషేధించిన మందులు దొరకడం చాలా దేశాల్లో జరిగింది. ‘రెండ్రోజుల్లో మోకాళ్ల నొప్పి మాయం’ అంటే మూలిక మహిమ కంటే స్టెరాయిడ్ మహిమ అయ్యే అవకాశమే ఎక్కువ.

మరి మనమేం చేద్దాం?

తూ యూయూ ఆకు, బ్రసెల్స్ వేరు రెండూ పాతవే. రెండూ నేచురలే. రెండూ చైనా వైద్యం పెట్టెలోవే. ఒకటి ప్రాణం నిలబెట్టింది, ఒకటి కిడ్నీ తీసింది. తేడా ఎక్కడంటే, మొదటిదాన్ని నోట్లో వేసుకునే ముందు వందల సార్లు పరీక్షించారు. రెండోదాన్ని ‘పాతదే కదా’ అని మింగించేశారు.

అందుకే రీల్‌లో చిట్కా కనబడగానే ఇలా చూడండి.

వంటింట్లో ఉన్నదేనా? అల్లం, పెసలు, గంజి, బేరిపండు, చామంతి టీ అయితే హాయిగా తీసుకోండి.

ఒంటి మీద నొక్కడమేనా? పర్లేదు. అయితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తలనొప్పికి నొక్కమనే చోటును గర్భిణులు నొక్కకూడదని చైనా వైద్యులే చెబుతారు.

చర్మం చీల్చే పనా? శిక్షణ, కొత్త సూది రెండూ ఉంటేనే.

పేరు తెలియని పొడో, క్యాప్సూలో, వేరో మింగమంటున్నారా? అందులో ఏమేం ఉన్నాయో లేబుల్ మీద పూర్తిగా లేకపోతే ఆర్డర్ పెట్టొద్దు. బీపీ, షుగర్, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే డాక్టరుకి చెప్పకుండా ఏ మూలికా మొదలుపెట్టొద్దు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు అడక్కపోయినా డాక్టరుకి చెప్పండి. క్రియాటినిన్ పరీక్షతో కిడ్నీల సంగతి బయటపడుతుంది.

మీ ఇంట్లో కూడా మోకాళ్ల నొప్పికి ఎవరో పంపిన నల్ల మాత్రలు వేసుకుంటున్న అమ్మమ్మో తాతయ్యో ఉండే ఉంటారు. ఇవాళ ఫోన్ చేసినప్పుడు ఆ డబ్బా ఫొటో ఒకటి వాట్సాప్‌లో పెట్టమనండి. దాని మీద ఏం రాసుందో మీరే చదవండి. ఏమీ రాసి లేకపోతే, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకెళ్లమని చెప్పండి.